వంగిపోయే గొట్టం: పారిస్ ఫిరంగి
(లెగో ముక్కల్లో ఫిరంగుల చరిత్ర – 6వ భాగం)

ఫిరంగి గొట్టం మూడోసారి విరిగి బల్ల మీద పడింది. మొదటిసారి విరిగినప్పుడు ముక్కల్ని గట్టిగా నొక్కలేదనుకున్నాం. రెండోసారి తప్పు ఫ్యాను గాలి మీదికి నెట్టాం. మూడోసారి మాత్రం నేనూ మా అమ్మాయీ కళ్లారా చూస్తూనే ఉన్నాం. ఎవరూ తాకలేదు, ఫ్యానూ తిరగడం లేదు. గొట్టం కొస మెల్లగా కిందికి ఒంగింది, నడుం దగ్గర టప్పున విడిపోయింది.

"నాన్నా, అసలు ఫిరంగి కూడా ఇలాగే వంగిపోయేదా?" అంది పదకొండేళ్ల మా అమ్మాయి.

వంగిపోయేది. ఆ మాట చెబుతుండగానే ఈ భాగం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసింది.

మేం కడుతున్నది మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పారిస్ నగరం మీద ప్రయోగించిన ఫిరంగి. వాళ్లు తమ చక్రవర్తి పేరు మీద దాన్ని విల్‌హెల్మ్ ఫిరంగి అన్నారు. లోకానికి మాత్రం అది పారిస్ ఫిరంగి. లెగోలో దీని సెట్టు అంగట్లో దొరకదు. డెన్మార్క్‌లో బిలుండ్ అనే ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి కొయ్యబొమ్మలతో మొదలుపెట్టిన కంపెనీ లెగో. ఈ కాలపు యుద్ధాయుధాలను బొమ్మలుగా చేయకూడదని ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఆ కట్టుబాటు మీద నాకు గౌరవం ఉంది. అందుకే ముక్కల్ని విడివిడిగా కొంటాను. ఒక్క ఫిరంగినైనా దాని చరిత్ర చెప్పకుండా కట్టకూడదని ఈ ధారావాహిక మొదట్లోనే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను.

కొలత సంగతి చెప్పాలి. మా నమూనా అసలులో యాభయ్యో వంతు. ఫిరంగి గొట్టం 34 మీటర్లు, అంటే మా బల్ల మీద 68 సెంటీమీటర్లు. లెగోలో ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు కాబట్టి, లెక్కకు సరిగ్గా 85 బుడిపెల పొడవు. గుండు దూరే రంధ్రం అడ్డుకొలత 21 సెంటీమీటర్లు, మనవాళ్ల లెక్కలో జానెడు. నమూనాలో అది నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు, లెగో బుడిపె కన్నా సన్నం. జానెడు రంధ్రానికి పద్దెనిమిది బారల గొట్టం! ఇంత సన్నంగా, ఇంత పొడుగ్గా ఉన్న ఇనుము తన బరువుకు తానే వంగక ఏం చేస్తుంది?

మరి అంత పొడవు ఎందుకు?

1914లో, యుద్ధానికి కాస్త అటూ ఇటూగా, ఫిరంగులు చేసే జర్మన్ కంపెనీ క్రుప్ తన మెప్పెన్ మైదానంలో ఒక పెద్ద నౌకా ఫిరంగిని పరీక్షించింది. గొట్టం బాగా పైకెత్తి పేల్చిన గుండు, లెక్క కట్టిన చోటును దాటి ఎంతో దూరం వెళ్లి పడింది. పొరపాటు లెక్కలో లేదు, గాలిలో ఉంది. నేల దగ్గర గాలి చిక్కన. పైకి పోయేకొద్దీ పలచన. గుండును త్వరగా పలచటి గాలిలోకి ఎక్కించగలిగితే అడ్డం లేకుండా సాగిపోతుంది. క్రుప్‌లో ఫిరంగుల రూపకర్త ఫ్రిట్జ్ రౌసెన్‌బెర్గర్, ఆయన దగ్గర గుండు గమనాల లెక్కలు చూసే ఓటో ఫాన్ ఎబర్‌హార్డ్ ఈ సంగతిని పట్టుకున్నారు. మామూలుగా గుండు దూరం పోవాలంటే గొట్టాన్ని 45 డిగ్రీల దగ్గర ఎత్తాలని బళ్లో చెబుతారు. వీళ్లు 50 దాటించారు. చిక్కటి గాలిని నిటారుగా చీల్చుకుని పోయిన గుండు, పలచటి గాలిని చేరేసరికి కొంచెం వంగి, సరిగ్గా 45 దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి దాన్ని ఆపేది దాదాపు ఏమీ లేదు.

నాకు ఈ ఘట్టం దగ్గర ఎప్పుడూ మనసు ఆగిపోతుంది. ఇంత అందమైన ఆలోచన ఇది. ఇదే ఆలోచన పాతికేళ్ల తర్వాత రాకెట్లకూ పనికొచ్చింది. పుట్టింది మాత్రం ఒక ఊరి మీద గుళ్లు వేయడానికి.

మొదట 100 కిలోమీటర్ల దూరం చాలనుకున్నారు. 1917లో జర్మన్ సైన్యం కొంత వెనక్కి తగ్గి కొత్త రక్షణ రేఖ మీద నిలబడింది. దాంతో సేనాధిపతి లూడెన్‌డోర్ఫ్ 120 కావాలన్నాడు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, పక్షి ఎగిరే దారిలో, సుమారు అంత ఉంటుంది. కొత్త గొట్టం మొదటి నుంచీ పోత పోసే వ్యవధి లేదు. యుద్ధనౌకల కోసం చేసిన 38 సెంటీమీటర్ల ఫిరంగి గొట్టాలను తెచ్చి, వాటి లోపల 21 సెంటీమీటర్ల రంధ్రం ఉన్న పొడవాటి లోగొట్టాన్ని దూర్చారు. అది పాత గొట్టం మూతి దాటి బయటికి పొడుచుకొచ్చింది. ఆ మూతికి ఇంకో ముక్క అతికించారు. ఆ చివరి ముక్క లోపల గుండును తిప్పే గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. మందు మండిన వాయువు గుండును మరికాస్త సేపు తోయడానికే ఆ పొడిగింపు.

లెగోలో కట్టడం మొదలుపెడితే ఈ నిర్మాణం చేతికి తెలుస్తుంది. వెనక భాగం లావు, అక్కడ రెండు బుడిపెల వెడల్పున్న గుండ్రటి ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఇరుసు దూర్చాం. ముందు భాగం సన్నం, ఒక్క బుడిపె ముక్కలు. లెగోలో దొరికే అన్నిటికన్నా పొడవైన ఇరుసు 25.6 సెంటీమీటర్లే కాబట్టి 68 సెంటీమీటర్లకు అతుకులు తప్పవు. మూడుసార్లూ గొట్టం విరిగింది ఆ అతుకుల దగ్గరే.

క్రుప్ ఇంజనీర్లు ఏం చేశారు? గొట్టం వీపు మీద నిటారుగా పొట్టి స్తంభాలు నిలబెట్టి, వాటి మీదుగా కొసదాకా ఇనుప కడ్డీలు లాగి బిగించారు, వేలాడే వంతెనకు కట్టినట్టు. పాత ఫొటోల్లో ఈ ఫిరంగిని గుర్తుపట్టేది ఆ కడ్డీల వల్లే. అంత చేసినా గొట్టం తిన్నగా ఉందో లేదో దుర్భిణితో లోపలికి చూసి సరిచూసుకునేవాళ్లు. కడ్డీలు బిగించి, సడలించి, మళ్లీ బిగించి, వీణ తీగల్ని శ్రుతి చేసినట్టు ఆ గొట్టాన్ని శ్రుతి చేసేవాళ్లు.

మేమూ అదే చేశాం. గొట్టం మీద మూడు చోట్ల చిన్న స్తంభాలు నిలబెట్టి, బూడిదరంగు కుట్టుదారం మూతి నుంచి వెనక మూత దాకా లాగి ముడేశాం. దారం ఎక్కువ బిగిస్తే గొట్టం పైకి విల్లులా లేచింది. సడలిస్తే కిందికి ఒంగింది. మా అమ్మాయి స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తూ చెప్పింది: "ఇంకొంచెం... చాలు చాలు." ఆ రోజు నుంచి గొట్టం విరగలేదు.

గొట్టం తర్వాత పీఠం. అసలు ఫిరంగి మొత్తం బరువు 256 టన్నులు. దాన్ని రైలు మీద తెచ్చి, అడవిలో ముందే కట్టి ఉంచిన తిరుగుడు వేదిక మీద దించేవాళ్లు. పెట్టెలాంటి ఆ పీఠం కట్టడం మాకు ఒక్క సాయంత్రం పని, అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. దాని చుట్టూ నిలబెట్టిన మనుషులకు మాత్రం నావికుల నీలం టోపీలు పెట్టాం. గొట్టం నౌకాదళానిది కాబట్టి పేల్చే పనీ నౌకాదళానికే అప్పగించారు. వైస్ అడ్మిరల్ మాక్సిమిలియన్ రోగె చేతి కింద నావికులు, సముద్రానికి ఎంతో దూరాన, చెట్ల నడుమ పనిచేశారు.

ఆ అడవి ఉత్తర ఫ్రాన్సులో లాన్ పట్టణం దగ్గర క్రెపీ అనే ఊరి పక్కన ఉంది. 1918 మార్చి 21న జర్మన్లు పశ్చిమ రంగంలో తమ చివరి పెద్ద దాడి మొదలుపెట్టారు. రెండు రోజుల తర్వాత, మార్చి 23 శనివారం ఉదయం ఏడుంబావు దాటాక, పారిస్ ఈశాన్య భాగంలో సేన్ రేవు వీధిలో మొదటి గుండు పడింది. పదిహేను ఇరవై నిమిషాలకు ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి.

ఊళ్లోవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, విమానం కనిపించదు, చప్పుడూ లేదు. గుండు శబ్దం కన్నా వేగంగా వస్తుంది కాబట్టి పడబోతోందన్న హెచ్చరిక ఏదీ వినపడదు. చాలా ఎత్తులో ఎగిరే విమానం బాంబులు వేస్తోందనుకున్నారు. శత్రువు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చోటు కూడా వంద కిలోమీటర్లకు పైనే మరి, ఫిరంగి అన్న ఊహ ఎలా వస్తుంది? ఏరిన తునకల మీద గొట్టం గాడుల్లో తిరిగిన గుర్తులు కనిపించాకే ఇది ఫిరంగి గుండని నిపుణులు తేల్చారు. అదీ ఆ రోజే.

ఇక్కడ ఒక్క మాట మద్రాసు గురించి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకుల్ని తగలబెట్టింది. అప్పుడు మద్రాసు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ రాజధాని. హైకోర్టు ప్రహరీకి ఆ రాత్రి గుర్తుగా పెట్టిన ఫలకం నేను చూశాను. ఎమ్డెన్ ఫిరంగుల లోపలి కొలత పదిన్నర సెంటీమీటర్లు, తీరానికి మూడు కిలోమీటర్ల దగ్గర నిలబడి పేల్చింది. ఒడ్డున ఉన్నవాళ్లకు కనీసం అది సముద్రంలోంచి వస్తోందని తెలుసు. పారిస్ వాళ్లకు ఆ దిక్కు కూడా తెలియలేదు.

గుండు ప్రయాణం మూడు నిమిషాలు. గొట్టం విడిచేటప్పుడు దాని వేగం సెకనుకు 1,600 మీటర్లకు పైన. దారిలో అది చేరిన ఎత్తు సుమారు 40 కిలోమీటర్లు. మనిషి చేసిన వస్తువు అంతకుముందెన్నడూ అంత ఎత్తు వెళ్లలేదు. 1942 అక్టోబర్‌లో జర్మన్ల వీ–2 రాకెట్ ఎగిరేదాకా ఆ రికార్డు చెరగలేదు. గుండు పైన ఉన్న ఆ మూడు నిమిషాలూ కింద భూమి తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడును కూడా లెక్కలోకి తీసుకుని గురి పెట్టాల్సి వచ్చింది.

ఇంత చేసి మోసుకెళ్లింది ఎంత? గుండు బరువు 106 కిలోలు. అందులో పేలుడు మందు 7 కిలోలు. పేల్చే వేళ పడే ఒత్తిడికి తట్టుకోవాలంటే గుండు గోడలు అంత మందంగా ఉండక తప్పదు. గొట్టం కూడా ప్రతి పేలుడుకూ లోపల కొంత అరిగిపోయేది. అందుకని గుళ్లకు వరుస అంకెలు వేశారు. ఒకటో అంకె గుండు కన్నా రెండోది పిసరంత లావు, దానికన్నా మూడోది. 65 గుళ్లు పేల్చాక ఆ గొట్టం పని అయిపోయినట్టే. క్రుప్‌కు పంపి రంధ్రాన్ని తొలిచి, 24 సెంటీమీటర్ల వరకు పెద్దది చేసి మళ్లీ తెచ్చేవాళ్లు. ప్రతి గుండుకూ ముందు అరుగుదల కొలిచి, ఎంత మందు కూరాలో కొత్తగా లెక్క కట్టేవాళ్లు.

మేం పీఠం పక్కన 65 చిన్న ముక్కల్ని వరుసగా పేర్చాం. అన్నీ ఒకే లావు. ఆ పిసరంత తేడాను చూపించే ముక్క లెగోలో లేదు. మా అమ్మాయి కాగితం ముక్కలు కత్తిరించి వాటికి అంకెలు అంటించింది. అంటిస్తూ అంటిస్తూ ముప్పై దగ్గర ఆగింది. "ఇవన్నీ పారిస్‌లో ఎక్కడ పడాలో వాళ్లకు తెలుసా?"

తెలియదు. అంత దూరం నుంచి ఒక భవనాన్నో వంతెననో గురి చూడటం సాధ్యం కాదు. ఊరంత పెద్దదానికే తగులుతుంది. రైల్వే స్టేషను మీద పడుతుందో పాలబండి మీద పడుతుందో పేల్చినవాడి చేతిలో లేదు. సైనిక చరిత్ర పుస్తకాలు ఈ ఫిరంగి దూరాన్నీ ఎత్తునూ వర్ణించినంత విపులంగా ఈ సంగతి చెప్పవు. నా మట్టుకు నాకు ఈ ఫిరంగి గురించి మొదట చెప్పాల్సిన సంగతి ఇదే. అది ఊరిని తప్ప దేన్నీ కొట్టలేదు. చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

మార్చి 29, శుభ శుక్రవారం. పారిస్ నడిబొడ్డున నగరసభ భవనం వెనక సెయింట్ జెర్వే చర్చిలో మధ్యాహ్నం ప్రార్థన జరుగుతోంది. చర్చి నిండుగా ఉంది. సుమారు నాలుగున్నరకు ఒక గుండు కప్పు మీద పడింది. పేలుడు కన్నా పైనుంచి కూలిన రాళ్లే ఎక్కువ ప్రాణాలు తీశాయి. దాదాపు 90 మంది చనిపోయారు. ఏసుక్రీస్తు మరణించిన రోజని నల్లదుస్తుల్లో వచ్చినవాళ్లు. ఈ ఫిరంగి పేల్చిన గుళ్లన్నిటిలో ఒక్కటే ఇంతమందిని చంపింది.

మార్చి నుంచి ఆగస్టు 9 దాకా, ఆగి ఆగి, మూడువందలకు పైగా గుళ్లు వేశారు. మొత్తం సుమారు 250 మంది చనిపోయారు, 620 మంది గాయపడ్డారు. ఫ్రెంచివాళ్లు రైలు ఫిరంగులతో క్రెపీ అడవి మీద ఎదురు కాల్పులు జరిపారు. జర్మన్లు పొగ కమ్మించారు. చప్పుడును బట్టి చోటు కనిపెట్టకుండా చుట్టుపక్కల మామూలు ఫిరంగుల్ని కూడా అదే క్షణంలో పేల్చారు. సైన్యం ముందుకు జరిగినప్పుడు ఫిరంగినీ వేరే అడవులకు మార్చారు. పారిస్ లొంగలేదు. జనం చాలామంది ఊరు విడిచారు, ఉన్నవాళ్లు కిటికీ అద్దాల మీద కాగితం పట్టీలు అంటించుకుని ఉండిపోయారు. ఆ ఫిరంగిని వాళ్లు "పెద్ద బెర్తా" అని పిలిచారు. నిజానికి ఆ పేరు 1914లో బెల్జియం కోటల్ని కూలగొట్టిన వేరే ఫిరంగిది. దాన్నీ రూపొందించింది రౌసెన్‌బెర్గరే. పేర్ల తికమక నేటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక గెలిచిన దేశాలకు ఒక్క గొట్టం కూడా చిక్కలేదు. అమెరికన్ సైనికులకు షాటో–తియెరీ దగ్గరి అడవిలో ఖాళీ వేదిక ఒకటి దొరికిందంతే. అందుకే ఈ నమూనా కట్టేవాళ్లకు ఆధారం కొన్ని ఫొటోలూ, హెన్రీ మిల్లర్ అనే అమెరికన్ సైనికాధికారి 1930లో రాసిన పుస్తకం, ఇంకా కెనడా ఇంజనీరు జెరాల్డ్ బుల్ 1988లో మర్ఫీ అనే సహరచయితతో కలిసి తెచ్చిన పుస్తకం. బుల్‌ది మరో కథ. పారిస్ ఫిరంగి లెక్కలు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1966లో పాత నౌకా ఫిరంగుల్ని పొడిగించి గుండును 180 కిలోమీటర్ల ఎత్తుకు పంపాడు. తర్వాత ఇరాక్‌కు మహా ఫిరంగి కడతానని ఒప్పుకున్నాడు. 1990 మార్చిలో బ్రస్సెల్స్‌లో తన ఇంటి గుమ్మం దగ్గరే ఎవరో కాల్చి చంపారు. ఆయనకు ఒక భాగం పూర్తిగా కేటాయించాలి.

నమూనా పూర్తయిన రాత్రి దాన్ని చూడటానికి మా అమ్మ వచ్చింది. చుట్టూ తిరిగి చూసి, "ఇది ఎవరి మీదికి రా?" అంది. పారిస్ కథ చెప్పాను. ఆ వసంతకాలంలో పారిస్ ఆడవాళ్లు ఊలు ముడులతో వేలెడంత బొమ్మలు రెండు చేసి, మధ్య దారంతో కలిపి, మెళ్లో వేసుకునేవారనీ, వేరొకరికి ఇచ్చేవారనీ చెప్పాను. ఆడబొమ్మ పేరు నెనెట్, మగబొమ్మ రాంతాంతాం. పూల్బో అనే చిత్రకారుడు యుద్ధానికి ముందు రూపొందించిన బొమ్మల పేర్లవి. మధ్య దారం తెగనంత కాలం గుండూ బాంబూ తగలవని నమ్మకం. అదే ఏడాది సెప్టెంబర్‌లో లోరేన్‌లో దొరికిన ఒక కుక్కపిల్లకు ఒక అమెరికన్ సైనికుడు ఆ మగబొమ్మ పేరే పెట్టాడు. హాలీవుడ్‌లో వెలిగిన రిన్ టిన్ టిన్ అదే.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాటికి స్వెట్టరు అల్లగా మిగిలిన ఊలుతో, ఎర్రది ఒకటీ నీలంది ఒకటీ, రెండు బొమ్మలు ముడేసి మనవరాలి చేతిలో పెట్టింది. "ఫిరంగి పక్కన పెట్టమంటావా నానమ్మా?" అని మా అమ్మాయి అడిగితే, "అక్కడెందుకే, అది పడే చోట పెట్టాలి గానీ" అంది.

అది పడే చోటు ఎక్కడో లెక్క వేశాం. యాభయ్యో వంతు కొలతలో 120 కిలోమీటర్లు అంటే 2.4 కిలోమీటర్లు. గుండు ఎక్కే ఎత్తు 800 మీటర్లు. బల్ల మీది గొట్టం కిటికీ వైపు తిరిగి ఉంది. ఆ దిక్కున మా ఇంటికి 2.4 కిలోమీటర్ల దూరంలో ఉన్నది రైతు బజారు.

ఆదివారం కూరగాయలకు వెళ్లినప్పుడు మా అమ్మాయి ఆ జంట బొమ్మల్ని సంచి పట్టీకి కట్టుకుని నాతో వచ్చింది. గేటు దగ్గర తోటకూర కట్టలు పేర్చుకుంటున్న ఆవిడ పక్కన ఆగి, వెనక్కి తిరిగి మా ఇల్లున్న వైపు చూసింది. మధ్యలో మేడలు, చెట్లు, ఒక నీళ్ల ట్యాంకు. ఆ చోటి నుంచి మా కిటికీ కనపడదు.

(వచ్చే భాగం: సెవాస్టపోల్ ముందు డోరా)